చారడేసి కళ్ళు: నాలుగు నెలల పాపలో పుట్టుకతో వచ్చిన గ్లాకోమా

ఆ పాప నా గదిలోకి వచ్చినప్పుడు ముఖం కనిపించలేదు. తల్లి చీర కొంగు పూర్తిగా కప్పేసి ఉంది. ఫిబ్రవరి నెల, పల్నాడు వైపు మిరప కోతల రోజులు. తల్లీ నాయనమ్మా చేలోంచి నేరుగా బస్సెక్కినట్టున్నారు, వాళ్ళు కూర్చున్న కాసేపటికే నాకు తుమ్ములు మొదలయ్యాయి.

కొంగు తీయమన్నాను. తీయగానే పాప గిరుక్కున ముఖం తిప్పి తల్లి భుజంలో దాచుకుంది. ఏడవలేదు. కళ్ళు మాత్రం బిగించి మూసుకుంది. రెప్పల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"రెండు నెలల నుంచీ కారుతూనే ఉన్నాయి మేడం. కన్నీటి గొట్టం మూసుకుపోయిందన్నారు. ముక్కు పక్కన నొక్కమన్నారు, నొక్కుతున్నాం" అంది తల్లి. చేతిలో యాంటీబయాటిక్ చుక్కల సీసాలు మూడు. మూడూ ఒకే మందు, పేర్లే వేరు.

ఆ సలహా ఇచ్చినవాళ్ళని నేను తప్పుపట్టను. పసిపిల్లల్లో కన్ను కారడానికి మామూలు కారణం కన్నీటి గొట్టం తెరుచుకోకపోవడమే. మర్దనా చేస్తూ ఉంటే చాలామందిలో ఏడాది నిండేలోపు అదే సర్దుకుంటుంది. అయితే ఆ పిల్లలు వెలుగు చూసి దాక్కోరు. కళ్ళు కారుతున్నా, పుసులు కట్టినా, కిటికీ వైపు హాయిగా చూస్తూ ఆడుకుంటారు.

వెలుతురు సంగతి అడుగుదామని నేను నోరు తెరిచేలోపే నాయనమ్మ అందుకుంది: "కరెంటు పోతేనే కళ్ళు తెరిచిద్ది డాక్టరమ్మా. లైటు వెలిగిందా, మళ్ళీ మూసేసిద్ది."

పాఠ్యపుస్తకంలో అరపేజీ రాసే లక్షణాన్ని ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. లేచి లైట్లన్నీ ఆర్పేసి కర్టెన్లు లాగాను. రెండు నిమిషాలు అందరం చీకట్లో ఊరికే కూర్చున్నాం. తర్వాత పాప మెల్లగా కళ్ళు తెరిచింది. పక్కనుంచి చిన్న టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూశాను. పెద్ద కళ్ళు, చాలా పెద్దవి. కుడి కంటి నల్లగుడ్డు ఆవిరి పట్టిన అద్దంలా నీలంగా, మసకగా ఉంది. ఎడమది కాస్త నయం.

"ఊళ్ళో అందరూ చారడేసి కళ్ళు, చారడేసి కళ్ళు అంటారు. రోజూ దిష్టి తీస్తన్నా" అంది నాయనమ్మ. పాప అరికాల్లో కాటుక చుక్క ఉంది.

(ఈ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.)

కన్ను ఎందుకు పెరుగుతుంది

గ్లాకోమాని మనవాళ్ళు నీటికాసులు అంటారు. అది అరవై దాటినవాళ్ళ జబ్బని అందరికీ ఒక నమ్మకం. కంటి లోపల ఒక పల్చటి నీరు ఎప్పుడూ ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. కొందరు పిల్లల్లో ఆ జల్లెడ గర్భంలోనే సరిగ్గా తయారవదు. ఊరడం ఆగదు, పోయే దారి చాలదు, ప్రెషర్ పెరుగుతుంది. పెద్దవాళ్ళ కంటి గోడ గట్టిది కాబట్టి సాగదు, లోపలి నరమే దెబ్బతింటుంది. మూడేళ్ళలోపు పిల్లల్లో గోడ మెత్తన. ప్రెషర్‌కి కన్ను మొత్తం బుడగలా సాగుతుంది. ఎద్దు కన్ను అనే అర్థం వచ్చేలా వైద్యంలో దీనికి ఒక గ్రీకు పేరు కూడా ఉంది, బుఫ్తాల్మస్ అని. మన భాషలో అదే సాగుడు పొగడ్త అయి కూర్చుంది.

నల్లగుడ్డు సాగేటప్పుడు దాని లోపలి పొర చిట్లుతుంది. ఆ చీలికల్లోంచి నీరు పొరల్లోకి దిగి మసక కమ్ముతుంది. వెలుగు చూడలేకపోవడం, నీళ్ళు కారడం, రెప్పలు బిగించడం మూడూ దానివల్లే.

ఇది అరుదైన జబ్బే. పాశ్చాత్య దేశాల్లో 10,000 జననాలకు ఒకటి, అంతకన్నా తక్కువ కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గురించి 1990ల చివర్లో వచ్చిన అంచనా మాత్రం సుమారు 3,300 జననాలకు ఒకటి. ఈ తేడా ఎందుకో ఆ కుటుంబం వంశవృక్షం గీసినప్పుడు నాకు మరోసారి కళ్ళకు కట్టింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మత్తులో పరీక్ష

నాలుగు నెలల పిల్లని గడ్డం ఆనించి కూర్చోమనలేం. పిల్లల డాక్టరు గుండె, ఊపిరితిత్తులు చూసి సరేనన్నాక మూడో రోజు పొద్దున మత్తు ఇచ్చి పరీక్ష చేశాం. ఆపరేషన్‌కి కూడా అదే రోజు సిద్ధంగా ఉన్నాం. అనుమానం రుజువైతే రెండోసారి మత్తు దేనికి?

ఈ లోపు ప్రెషర్ తగ్గించడానికి ఎసిటజోలమైడ్ ఇచ్చాను. పాప బరువు ఐదున్నర కిలోలు. 250 మిల్లీగ్రాముల మాత్రని మెత్తగా నూరి తొమ్మిది పొట్లాలు కట్టించి, రోజుకు మూడు చొప్పున తల్లిపాలలో కలిపి పట్టించమన్నాం. కిలోకి రోజుకు 15 మిల్లీగ్రాముల లెక్క. పొట్లాలు సమానంగా కట్టడం మా ఫార్మసీ కుర్రాడికి మహా టెన్షన్, ఒకటికి రెండుసార్లు తూచుకున్నాడు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఇంట్లో తాతగారికి వాడే గ్లాకోమా చుక్కలు ఉంటాయి, జబ్బు పేరు ఒకటే కదా అని పసిపిల్లలకు వేసేవాళ్ళు ఉన్నారు. బ్రిమోనిడిన్ అనే మందు పెద్దవాళ్ళకి మామూలుగా రాస్తాం. అదే పసిపిల్లకి పడితే మగతగా వాలిపోయి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. రెండేళ్ళలోపు పిల్లలకు దాన్ని అసలు వాడకూడదు. వేరే మందుతో కలిపిన చుక్కల్లో కూడా అది ఉంటుంది కాబట్టి సీసా మీద చిన్న అక్షరాలు చదవాల్సిందే.

తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపించాం. మత్తు వాయువు ఎక్కువసేపు పీలిస్తే కంటి ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, గొంతులో గొట్టం వేస్తే ఎక్కువ చూపిస్తుంది. అందుకని పాప కదలడం ఆగగానే, గొట్టం వేయకముందే, చేతిలో పట్టుకునే పెర్కిన్స్ పరికరంతో కొలిచాను. కుడి కన్ను 32, ఎడమ 28. ఈ వయసులో, అదీ మత్తులో, పదికి అటూ ఇటూ ఉండాలి.

నల్లగుడ్డు అడ్డకొలత కుడివైపు 13.5 మిల్లీమీటర్లు, ఎడమవైపు 13. పుట్టిన బిడ్డకి పదికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఏడాదిలోపు 12 దాటిందంటే ఊరికే వదలకూడదు. ఎ-స్కాన్‌లో, అంటే ధ్వని తరంగాలతో చేసే కొలతలో, కంటి పొడవు కుడివైపు 22.8 మిల్లీమీటర్లు, ఎడమవైపు 22.1. నాలుగు నెలలకే పెద్దవాళ్ళ కన్నంత అయిపోయింది. ఎడమ నల్లగుడ్డు మధ్యలో అడ్డంగా రెండు గీతలు కనిపించాయి, గాజు మీద గోటితో గీసినట్టు. హాబ్ గీతలంటాం వాటిని. కాన్పులో పట్టకారు తగిలితే కూడా ఇలాంటి చీలికలు పడతాయి కానీ అవి ఎక్కువగా నిలువుగా ఉంటాయి, కన్ను పెద్దదవదు. పైగా ఈ పాపది మామూలు కాన్పు.

మేనరికం ఉన్న కుటుంబాల్లో నల్లగుడ్డు మసక అనగానే మరొకటి కూడా గుర్తు రావాలి. నల్లగుడ్డు లోపలి కణాల పొర పుట్టుకతోనే పాడై ఉండే జబ్బు మన దక్షిణాదిలో కొత్తేమీ కాదు. అందులో నల్లగుడ్డు తెల్లగా, మందంగా ఉంటుంది కానీ సాగదు. ఈ పాపలో సాగిన కొలత, గీతలు, ప్రెషర్ మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. కంటి నరం మొదట్లో ఉండే గుంట ఆ నరంలో ఎంత వంతు ఆక్రమించిందో చూస్తాం, అది పెరిగేకొద్దీ నరం దెబ్బతిన్నట్టు. ఎడమ కంట్లో ఆ గుంట నిష్పత్తి 0.7. కుడివైపు మసకలోంచి లోపల ఏమీ కనబడలేదు.

ఆపరేషన్

పెద్దవాళ్ళకైతే ముందు చుక్కలు, అవి పనిచేయకపోతే ఆపరేషన్. పిల్లల్లో ఆపరేషనే మొదటి వైద్యం, చుక్కలు దానికి తోడు. నల్లగుడ్డు తేటగా ఉంటే లోపలినుంచి జల్లెడని కోసే గోనియాటమీ చేయొచ్చు. మన దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి అప్పటికే మసక కమ్మి ఉంటుంది, లోపలికి చూడకుండా కోయలేం. అందుకే మూసుకున్న కాలువని బయటినుంచి తెరుస్తూ, దానితో పాటే నీటికి ఇంకో పక్కదారి కూడా పెట్టే జంట ఆపరేషన్ ఇక్కడ ఎక్కువగా చేస్తాం. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ మండల్ ఈ పద్ధతిని మన పిల్లల్లో పెద్ద ఎత్తున చేసి, ఫలితాలు ప్రచురించారు. రెండు కళ్ళకీ ఒకే మత్తులో చేయొచ్చని చూపించినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. మేమూ అలాగే చేశాం. కాకపోతే రెండూ వేర్వేరు మనుషుల ఆపరేషన్లన్నట్టే: రెండో కంటికి కొత్త గ్లౌజులు, కొత్త పరికరాలు, కొత్త గుడ్డలు.

ఇందులో అసలు కష్టం కాలువని వెతకడం. ష్లెమ్ కాలువ అంటాం, వెంట్రుక కన్నా కాస్త లావు. మామూలు కంట్లో నీలి వర్ణం తెల్లగా మారే గీత దగ్గర ఉంటుందని లెక్క. సాగిపోయిన కంట్లో ఆ గీత చెదిరిపోతుంది, గోడ ఉల్లిపొరలా పల్చబడుతుంది. కుడి కంట్లో పొర లేపి నిలువుగా సన్నటి గాటు పెట్టి, మైక్రోస్కోప్‌లో జూమ్ పెంచుకుంటూ, పోగు పోగు విడదీస్తూ పోయాను. ఇరవై నిమిషాలైంది. మత్తు డాక్టరుగారు ఒకసారి గడియారం చూశారు, ఏమీ అనలేదు. చివరికి గాటు అడుగున ఒక చిన్న తేమ, దానిలో సన్నటి ఎరుపు. కాలువ గోడ తెగితే రక్తం కలిసిన నీరు అలాగే ఊరుతుంది. లోహపు తీగలాంటి ట్రాబెక్యులోటోమ్‌ని అందులోకి జారనిచ్చాను. అడ్డుపడకుండా జారిందంటే కాలువే. బలవంతం చేయాల్సి వస్తే దారి తప్పామన్నమాట, అప్పుడు వెనక్కి తీసేయాలి. మెల్లగా కంటి లోపలి వైపు తిప్పితే పొర చిరిగి కాలువ తెరుచుకుంది, కొద్దిగా రక్తం వచ్చి ఆగింది. రెండో వైపు కూడా అంతే. ఆపైన పక్కదారి, సన్నటి నైలాన్ కుట్లు. ఎడమ కన్నుకి ఇందులో సగం సమయం పట్టింది.

వారానికి ప్రెషర్ 12, 11. నెలకి కుడి కంటి మసక చాలావరకు విడిపోయింది. పాప లైటు కింద కళ్ళు తెరిచి, నా మెడలో ఐడీ కార్డు తాడు పట్టుకుని లాగింది. అందరం సంతోషపడ్డాం.

నేను చేసిన తప్పు

ఆ సంతోషంలో నేనో మాట అన్నాను: "ఆపరేషన్ సక్సెస్ అయిందమ్మా."

వాళ్ళు విన్నది "అయిపోయింది" అని. నా ఫైల్లో మాత్రం "తర్వాతి విజిట్‌లో కళ్ళజోడు" అని రాసి ఉంది. కుడి నల్లగుడ్డు ఇంకాస్త తేటపడితే పవర్ కచ్చితంగా వస్తుందని ఆగాను. ఆగడం తప్పు కాదేమో. కళ్ళజోడు వస్తుందని, లేకపోతే ఏమవుతుందో వాళ్ళతో ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం తప్పు. రెండు నెలల తర్వాత రమ్మంటే ఆరు నెలలకి వచ్చారు. ఈసారీ నాయనమ్మే లాక్కొచ్చింది: "కుడి కన్ను ఒక పక్కకి పోతంది, నల్లగుడ్డు చోటున ఉండటంలా."

పాపకి పదకొండు నెలలు. అరచేత్తో ఎడమ కన్ను మూశాను. పాప గింజుకుని నా చెయ్యి తోసేసి ఏడుపు లంకించుకుంది. కుడి కన్ను మూస్తే ఏమీ పట్టనట్టు తాళాల గుత్తితో ఆడుకుంది. కుడి కన్ను ఉన్నా లేనట్టే అయిందన్నమాట. కొలిస్తే కుడివైపు మైనస్ 7, ఎడమవైపు మైనస్ 4, రెండింటికీ అడ్డపవరు అదనం. సాగిన కంటికి మైనస్ పవర్ తప్పదు. మసక బొమ్మ పంపే కన్నుని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది, దాన్నే లేజీ ఐ అంటాం. ఈ పిల్లల్లో ప్రెషర్ అదుపులోకి వచ్చాక కూడా చూపు తగ్గిపోవడానికి పెద్ద కారణం ఇదే. నాకు తెలిసిన విషయమే. తెలిసి కూడా చెప్పలేదు.

ఊరట కలిగించింది ఒకటుంది. ఎడమ కంటి నరం గుంట 0.7 నుంచి 0.4కి తగ్గింది. పెద్దవాళ్ళలో చూడలేనిది ఇది. పసికంట్లో ప్రెషర్ తగ్గితే సాగిన గోడతో పాటు గుంట కూడా కొంత పూడుతుంది. కుడి ప్రెషర్ మాత్రం 22. డోర్జోలమైడ్ చుక్కలు మొదలుపెట్టాం, పిల్లల డాక్టరు ఛాతీ విని సరేనన్నాక టిమోలాల్ 0.25 శాతం పొద్దున ఒక్కసారి కలిపాం. చుక్క వేశాక కంటి లోమూలని రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, లేకపోతే మందు ముక్కులోకి జారి ఒంట్లోకి పోతుంది. నాయనమ్మకి ఆ చోటు చూపించక్కర్లేకపోయింది. గొట్టం మూసుకుపోయిందని రెండు నెలలు నొక్కిన చోటే అది.

కళ్ళజోడు, ప్లాస్టరు

ఇక్కడినుంచి వైద్యం నా చేతిలోంచి ఇంట్లోవాళ్ళ చేతిలోకి పోయింది. తలచుట్టూ ఎలాస్టిక్ పట్టీ ఉన్న చిన్న కళ్ళజోడు, పగలని పాలీకార్బొనేట్ అద్దాలు. మొదటి వారం పాప పీకి పారేసింది. "ఆడపిల్లకి ఏడాది నిండకుండానే సోడాబుడ్డి అద్దాలా" అని బంధువులు తలా ఒక మాట. తండ్రి కొంచెం జంకాడు. నేను ఎక్కువ వాదించలేదు. ఆ అద్దాల పవరుకి సరిపడా మసక చూపించే లెన్స్ ఒకటి ఆయన కంటికి అడ్డుపెట్టి, గోడ మీద క్యాలెండర్ చదవమన్నాను. తేదీల సంగతి అటుంచి, దాని మీద దేవుడెవరో కూడా చెప్పలేకపోయాడు.

ఎడమ కంటికి రోజూ రెండు గంటలు ప్లాస్టరు. బాగా కనిపించే కన్ను మూసేసి, బద్ధకించిన కన్నుతో పని చేయించడం. ఇది ఏ ఆపరేషన్ కన్నా కష్టం. అన్నం తినే వేళ, మేకపిల్లతో ఆడే వేళ పెట్టమన్నాను, పాప దృష్టి మళ్ళుతుందని. నాయనమ్మ ప్లాస్టరు మీద కాటుకపుల్లతో పువ్వు గీసేది. ఒకసారి పాప తానే తన బొమ్మ కంటికి ప్లాస్టరు అంటించి తెచ్చింది, అదీ ఎడమ కంటికే.

మూడు నెలలకోసారి ప్రెషర్ ఒక్కటే చూసి పంపేస్తే చాలదు. నల్లగుడ్డు కొలత, కంటి పొడవు, పవరు మూడూ రాసుకుంటూ పోవాలి. మైనస్ ఉన్నట్టుండి పెరిగిందంటే కన్ను మళ్ళీ సాగుతోందని, ఆ రోజు ప్రెషర్ అంకె ఎంత అందంగా ఉన్నా సరే. ఈ పాపకి ఏడాదిన్నర వయసులో ఒకసారి అనుమానం వచ్చి మత్తులో మళ్ళీ చూశాం. కుడివైపు 14, ఎడమవైపు 12. పొడవు వయసుకి తగ్గట్టే పెరిగింది.

వంశవృక్షం

తల్లి పెళ్ళాడింది సొంత మేనమామని. అంటే నాయనమ్మగా వస్తున్న ఆవిడ తల్లికి అత్తగారూ, అమ్మమ్మా కూడా. పాపకి నాయనమ్మా ఆవిడే, తాతమ్మా ఆవిడే. కేస్ షీట్‌లో గీతలు గీస్తే కొమ్మలు విడిపోవాల్సిన చోట మళ్ళీ వచ్చి కలిశాయి.

ఈ జబ్బుకి ఎక్కువగా కారణమయ్యేది సివైపీ1బీ1 అనే జన్యువు, గ్లాకోమాతో దాని సంబంధం 1997లో తేలింది. ఒక చెడ్డ ప్రతి ఉంటే ఏమీ కాదు, రెండు వైపులనుంచీ చెడ్డ ప్రతే వస్తే జబ్బు. ఆవిడ దగ్గరో, ఆవిడ భర్త దగ్గరో ఉన్న ఒక ప్రతి కొడుక్కీ కూతురికీ పోయి, కూతురి నుంచి మనవరాలికి చేరి, ఆ కొడుకూ ఆ మనవరాలూ కలిసిన చోట జత కట్టింది. పరీక్షలో పాపలో రెండు ప్రతుల్లోనూ ఆర్368హెచ్ అనే మార్పు కనిపించింది. మన దేశంలో ఈ జబ్బున్న పిల్లల్లో తరచూ కనిపించేది అదే.

ఇది చెప్పేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడాలి. అప్పటికే ఊళ్ళో గ్రహణం రోజు కోడలు బయట తిరిగిందన్న మాట ఒకటి తిరుగుతోంది. నేను ఇంకో నింద అందించకూడదు. మేనరికం లేని ఇళ్ళలోనూ ఈ జబ్బు వస్తుందని, మేనరికం చేసుకున్న చాలామంది పిల్లలకి రాదని కూడా చెప్పాను. తర్వాతి కాన్పులో ప్రతిసారీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందని, ఒక బిడ్డకి వచ్చింది కాబట్టి వచ్చే ముగ్గురికీ రాదని కాదని, నాలుగు మిరపకాయలు బల్ల మీద పెట్టి చూపించాను. అవి నాయనమ్మ కొంగులోంచే దొరికాయి. ఆవిడ కాసేపు వాటినే చూసి, "అయితే కోడలు పిల్ల తప్పేం లేదన్నమాట, నా కడుపులోంచి పోయిందే" అంది. తల్లి తల దించుకుని ఏడ్చింది. ఆ రోజు ఓపీలో అరగంట ఆలస్యమైంది.

పాపకి రెండేళ్ళు నిండాక తమ్ముడు పుట్టాడు. తొమ్మిదో రోజున తీసుకొచ్చారు. "వీడు కరెంటున్నా చూస్తన్నాడు. అయినా చూడండి" అంది నాయనమ్మ. నల్లగుడ్డు పది మిల్లీమీటర్లు, తేటగా ఉంది. పాలు తాగి నిద్రపోతుంటే కొలిచిన ప్రెషర్ 11. కొందరు పిల్లల్లో ఈ జబ్బు కొన్ని నెలల తర్వాత బయటపడుతుంది కాబట్టి మూడో నెల, ఆరో నెల, ఏడాది అని తేదీలు రాసిచ్చాను. బాబుకి జన్యు పరీక్ష చేయించాలా వద్దా అని వాళ్ళింకా ఆలోచిస్తున్నారు.

పాపకి ఇప్పుడు మూడున్నరేళ్ళు. బొమ్మల చార్టు మీద కుడి కన్ను 6/18, ఎడమ కన్ను 6/9 (పూర్తి చూపు అంటే 6/6). కుడి కన్ను కొద్దిగా మెల్ల ఉంది, దాని సంగతి చూపు ఇంకా పెరుగుతుందేమో చూశాక. ప్లాస్టరు రోజుకు గంటకి తగ్గించాం, చుక్కలు అలాగే. మొన్న వెళ్ళేటప్పుడు తల్లి గుమ్మం దగ్గర ఆగి, "అంతా బాగుందా మేడం?" అని అడిగింది. "ఈ మూడు నెలలకి బాగుంది" అన్నాను. తర్వాతి తేదీ కార్డు మీద నాయనమ్మకి కనిపించేంత పెద్ద అంకెల్లో రాసిచ్చాను.